సముద్రపు ఒడ్డు ఎవరిది?

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 23:24-25, 1 రాజులు 21:1-19, లూకా 5:1-3



పల్లెటూళ్లలో కాపురముండు మనకు గట్టు తగవు అనగా ఏమో ఒకరు చెప్పనక్కరలేదు. జానెడు గట్టు కొరకు ఏండ్ల తరబడి ఒకరితో ఒకరు మాటలాడుకొనని అన్నదమ్ములు మన సంఘములలోనే ఉన్నారు. అయినను గట్టు తగవు కొంత సులువైనదే. గట్టుకు ఇరుప్రక్కల ఇద్దరు యజమానులుందురు. ఇద్దరి యొద్దను కాగితములుండును. కొలిచి చూచి తీర్చవచ్చును. అంతకంటె చిక్కైన తగవు మరియొకటి కలదు. ఒక నేల అందరిదని ఊరు చెప్పును. అది మా తాతల నాటి నుండి మాదని కొన్ని కుటుంబములు చెప్పును. కాగితము మాత్రము ఎవరి యొద్దను ఉండదు. డొంకలు, చెరువు గర్భములు, పోరంబోకులు, సముద్రపు ఒడ్డు ఇట్టి నేలలే.

ఈ నెలలో సముద్రపు ఒడ్డును గూర్చి మనము ఆలోచింతము. మనలో అనేకులు సముద్రమునకు ఆమడల దూరమున నున్నవారే. అయినను ఈ ప్రశ్న సముద్రముతో ముగిసిపోవునది కాదు. అందరి హక్కును కొందరి పిత్రార్జితమును ఎదురుపడినప్పుడు దేవుని ప్రజలు ఏ ప్రక్కను నిలువవలెను? దీనిని ఒక దేశము ఇరువది ఏండ్లకు పైగా విచారించుచున్నది. ఆ దేశపు కథను మొదట చెప్పెదము.

న్యూజీలాండు దేశమునకు మూలవాసులు మావోరీలు. వారి పితరులు సుమారు ఏడు వందల ఏండ్ల క్రిందట పెద్ద పడవలలో పసిఫిక్ మహాసముద్రమును దాటివచ్చి ఆ దీవులలో స్థిరపడిరి. వారికి సముద్రపు ఒడ్డు విహారస్థలము కాదు, అన్నము పెట్టు పొలము. ఏ రేవున ఏ తెగవారు చేపలు పట్టవలెనో, ఏ ఇసుక తిన్నెలో ఎవరు ఆల్చిప్పలు ఏరుకొనవలెనో వారిలో కట్టుబాట్లుండెను. ఒక చోట చేపలు తగ్గిపోయినను, ఎవరైన నీట మునిగి చనిపోయినను, పెద్దలు ఆ చోటును కొంతకాలము మూసివేయుదురు. దీనికి రాహుయి అని పేరు. ఆ గడువు తీరువరకు అచ్చట ఎవరును వల వేయరాదు. ఈ ఆచారము నేటికిని నిలిచియున్నది. కాబట్టి వారి హక్కు తీసికొనుటకు మాత్రమే గాక కాపాడుటకును ఏర్పడిన హక్కని మనము గ్రహింపవలెను.

1840వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదిన వైటాంగి అను చోట మావోరీ నాయకులకును ఇంగ్లాండు రాణి ప్రతినిధికిని ఒక ఒడంబడిక జరిగెను. దానిని మావోరీ భాషలోనికి మార్చినవాడు హెన్రీ విలియమ్స్ అను మిషనరీ. ఆయన చర్చి మిషనరీ సొసైటీకి చెందినవాడు. ఈ సొసైటీ తెలుగు క్రైస్తవులకు పరాయిది కాదు. ఆ ఒడంబడిక జరిగిన మరుసటి ఏడు, అనగా 1841లో, ఇదే సొసైటీ పంపగా రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అను దైవజనులు మచిలీపట్టణమునకు వచ్చి పని ప్రారంభించిరి. మన ప్రాంతమునకు సువార్త తెచ్చిన చేతులకును, ఆ ఒడంబడికను వ్రాసిన చేతులకును చుట్టరికము కలదు. కనుక ఆ కథ మనకును కొంత చెందినదే.

ఆ ఒడంబడిక రెండు భాషలలో రెండు విధములుగా నుండెను. ఇంగ్లీషు ప్రతిలో సర్వాధికారము రాణికి ఒప్పగింపబడెను. మావోరీ ప్రతిలో గవర్నరు చేయు పరిపాలన మాత్రమే ఇయ్యబడినట్లుండెను. సంతకము చేసిన ఐదు వందల మందికి పైబడిన నాయకులలో మిక్కిలి పెక్కుమంది మావోరీ ప్రతి మీదనే సంతకము చేసిరి. అయితే ఒక సంగతి రెండు ప్రతులలోను కలదు. మావోరీల భూములు వారికే యుండునని రాణి పేరట మాట ఇయ్యబడెను. ఇంగ్లీషు ప్రతిలో అడవులును చేపల తావులును పేర్కొనబడెను. మావోరీ ప్రతిలో వారు అమూల్యముగా నెంచు సమస్తమును చేర్చబడెను.

తరువాత జరిగినది విచారకరమైన కథ. యుద్ధములు వచ్చెను, భూములు జప్తు చేయబడెను, అమ్మకములు జరిగెను. ఇందులో సంఘము చేతులును శుభ్రముగా లేవని మనము దాచిపెట్టరాదు. పోరిరువా అను చోట ఒక తెగవారు తమ పిల్లల కొరకు బడి కట్టుడని సంఘమునకు నేల ఇచ్చిరి. బడి ఎన్నడును కట్టబడలేదు. నేల మాత్రము బిషప్పుగారి పేరట నిలిచెను. వీ పరాటా అను మావోరీ నాయకుడు ఆ నేలను తిరిగి ఇయ్యవలెనని న్యాయస్థానమునకు వెళ్లెను. 1877లో తీర్పు అతనికి విరోధముగా వచ్చెను. అంతే కాదు, వైటాంగి ఒడంబడిక చట్టదృష్టిలో శూన్యమని ఆ తీర్పు పలికెను. మిషనరీ చేతితో వ్రాయబడిన మాటను, బిషప్పు ప్రతివాదిగా నున్న వ్యాజ్యెములో, విలువలేనిదిగా త్రోసివేసిరి. ఆ తీర్పు నీడ మావోరీల మీద బహుకాలము నిలిచెను.

ఇక ఒడ్డు సంగతికి వత్తము. పోటు వచ్చినప్పుడు మునిగి, ఆటు వచ్చినప్పుడు బయలుపడు నేలయు, దాని ఆవల సముద్రపు అడుగు నేలయు ప్రభుత్వపువే అని ఆ దేశములో చాలకాలము తలచుచుండిరి. 1963లో తొంబది మైళ్ల తీరమని పేరుగల చోటును గూర్చి ఒక తీర్పు వచ్చెను. ప్రక్కనున్న మెట్ట నేలను భూన్యాయస్థానము విచారించినప్పుడే ఒడ్డు మీది పాత హక్కులు తీరిపోయెనని ఆ తీర్పు చెప్పెను. తరువాత దక్షిణ దీవి ఉత్తర భాగమున మార్ల్‌బరో సౌండ్స్ అను తీరములో ఆల్చిప్పల పెంపకము లాభసాటి వ్యాపారముగా పెరిగెను. అచ్చటి మావోరీలకు అనుమతులు దొరకుట దుర్లభమాయెను. తమ పితరులు కాపాడిన నీళ్లలో ఇతరులు వ్యాపారము చేయుచుండగా తాము ఒడ్డున నిలిచి చూడవలసి వచ్చెను. అప్పుడు ఎనిమిది తెగలు కలిసి 1997లో మావోరీ భూన్యాయస్థానమును ఆశ్రయించెను. ఆ విచారణ పై కోర్టులకు వెళ్లి, 2003 జూన్ 19వ తేదిన అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఒడ్డు మావోరీలదని ఆ తీర్పు చెప్పలేదు. వారి మాటను విచారించు అధికారము భూన్యాయస్థానమునకు కలదని మాత్రమే చెప్పెను. 1963 నాటి తీర్పు తప్పని కూడ చెప్పెను.

దానికే దేశమంతయు కలవరపడెను. ఇక మన పిల్లలు ఇసుకలో ఆడుకొనుటకు వీలుండదేమో, గాలము వేయుటకు రుసుము కట్టవలెనేమో అని అనేకులు భయపడిరి. ఆ భయమును మనము ఎగతాళి చేయరాదు. ఆ దేశములో సామాన్య కుటుంబములకు సెలవు దినమున సముద్రపు ఒడ్డే పండుగ. ధనవంతునికి తోట యుండును. బీదవానికి ఒడ్డు ఉండును. అదియు మూసివేయబడిన యెడల బీదవాడెక్కడికి పోవును? భూమియు దాని సంపూర్ణతయు ప్రభువువే అని 24వ కీర్తన మనకు నేర్పుచున్నది గదా! ఆయన చేసిన సముద్రమునకు గోడ కట్టు హక్కు ఎవరికున్నది? ప్రజల పక్షమున ఈ మాట బలమైనది.

ప్రభుత్వము ఒడ్డును సముద్రపు అడుగును తనదిగా చేసికొనుటకు చట్టము తెచ్చెను. 2004 మే నెలలో వేలాది మావోరీలు ఉత్తరపు కొన నుండి రాజధానియైన వెల్లింగ్టను వరకు ఊరేగింపుగా వచ్చి మొరపెట్టిరి. టరియానా టురియా అను మంత్రిణి తన పదవిని విడిచిపెట్టెను. అయినను ఆ సంవత్సరము నవంబరులో చట్టము ఆమోదము పొందెను. ఇందులో ఒక విషయమును మనము గమనింపవలెను. అదివరకే కొందరు వ్యక్తుల పేరట పట్టాలున్న ఒడ్డు నేలలు వేలకొలదిగా నుండెను. ఆ చట్టము వాటిని ముట్టలేదు. కాగితము గలవాని ఒడ్డు వానికే నిలిచెను. కాగితము లేక కట్టుబాటు మాత్రమే గలవాని మాట విచారణకు రాకముందే తీరిపోయెను. అందరి కొరకు అని చెప్పి కొందరి యొద్ద మాత్రమే తీసికొనుట న్యాయమగునా?

ఇచ్చట పరిశుద్ధ గ్రంథమును తెరచెదము. నాబోతు కథ మనకందరికి తెలిసినదే. అహాబు రాజు ద్రాక్షతోటను అడిగెను, వెల ఇత్తుననెను, అంతకంటె మంచి తోట ఇత్తుననెను. నాబోతు ఇయ్యనొల్లలేదు. అది అతనికి సొమ్ము కాదు, పితరుల స్వాస్థ్యము. ఆ తరువాత యెజెబెలు చేసిన పని చూడుడి. రాజముద్ర వేసిన తాకీదులు, కూడిన పెద్దలు, ఇద్దరు సాక్షులు — చట్టమునకు కావలసిన రూపమంతయు అందులో నున్నది. న్యాయము మాత్రము లేదు. న్యూజీలాండు ప్రభుత్వమును అహాబుతో పోల్చుట మా ఉద్దేశము కాదు. అచ్చట ఎవరి రక్తమును చిందలేదు. పార్లమెంటులో బహిరంగముగా చర్చ జరిగెను. అయితే ఒక ప్రశ్న అడిగెదము. అహాబు ఆ తోటను తన కూరగాయల కొరకు గాక ఊరివారందరి కొరకు అడిగియుండినయెడల నాబోతుకు జరిగిన అన్యాయము అన్యాయము కాకపోవునా? అందరి మేలు అను మాట మంచిది. అయినను ఒకని మాట వినకుండ వాని స్వాస్థ్యమును తీసికొనుటకు అది చాలదు.

రెండవ సాక్ష్యము సెలోపెహాదు కుమార్తెలు. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో వారు మోషే యెదుట నిలిచి, తమ తండ్రి స్వాస్థ్యములో పాలు అడిగిరి. అప్పటికి వారి పక్షమున ఏ కట్టడయు లేదు. మోషే వారిని వెళ్లగొట్టలేదు. మీ మాట వినినయెడల గోత్రములన్నియు కలవరపడునని చెప్పలేదు. ఆ వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారు చెప్పినది న్యాయమేనని దేవుడు సెలవిచ్చెను. వినకముందే తీర్పు తీర్చుట పాపమని ఇందులో నేర్చుకొనుచున్నాము. 2003లో ఆ ఎనిమిది తెగలు అడిగినదియు ఇంతమాత్రమే, తమ మాట వినుడని.

మూడవది ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయపు చివరి రెండు వచనములు. మనము వాటిని తరచుగా చదువము. పొరుగువాని ద్రాక్షతోటలోనికి వెళ్లినవాడు ఆకలి తీర తినవచ్చును, పాత్రలో వేసికొనరాదు. పైరులో వెన్నులు చేతితో త్రుంచుకొనవచ్చును, కొడవలి వేయరాదు. ఎంత జ్ఞానముగల కట్టడ! తోట పొరుగువానిదే, ఆ మాట మొదటనే చెప్పబడినది. అయినను దారిన పోవువానికి అందులో త్రోవ కలదు, ఆకలికి అన్నము కలదు. యజమాని కంచె వేసి ఆకలిగొన్నవానిని తరుముటకు వీలులేదు. బాటసారి కొడవలి పట్టుకొని వచ్చుటకును వీలులేదు. ఒకని స్వాస్థ్యమును అందరి త్రోవయు ఒక్క నేల మీదనే నిలువగలవని ధర్మశాస్త్రము చూపుచున్నది. ఒకదానిని నిలుపుటకు రెండవదానిని చంపనక్కరలేదు.

ఆ దేశము కూడ కొంతవరకు ఈ త్రోవకే వచ్చినది. 2004 నాటి చట్టము రద్దు చేయబడి 2011లో క్రొత్త చట్టము వచ్చెను. పట్టాలు లేని ఒడ్డును అడుగు నేలయు ఎవరి సొత్తును కావు, ప్రభుత్వపు సొత్తు కూడ కావని అది చెప్పెను. అందరును అచ్చట నడువవచ్చును, ఆడుకొనవచ్చును, చేపలు పట్టవచ్చును. అదే సమయములో, ఆచారము చొప్పున 1840 నుండి నేటివరకు గొప్ప విరామము లేకుండ ఒక చోటును తామే అనుభవించిన తెగవారు దానిని రుజువు చేసికొన్నయెడల వారికి సాంప్రదాయ హక్కు దొరకును. దానిని వారు అమ్ముకొనరాదు, ప్రజలను వెళ్లగొట్టరాదు. పవిత్రముగా నెంచబడు చోట్లను మాత్రము కాపాడుకొనవచ్చును. అచ్చట తలపెట్టబడు కొన్ని పనులకు సమ్మతి ఇయ్యనువచ్చును, ఇయ్యకపోవనువచ్చును. 2016లో మొదటిసారి న్యాయస్థానము అట్టి హక్కును ఒప్పుకొనెను. అది దక్షిణమున స్టీవర్టు దీవి ప్రక్కనున్న చిన్న లంక చుట్టునున్న కొద్దిపాటి నీరు. టీటీ అను సముద్ర పక్షులను పట్టుటకు తరతరములుగా అచ్చటికి వచ్చు కుటుంబముల వారు దానిని అడిగిరి.

ఇంతటితో తగవు తీరినదని చెప్పజాలము. తామే అనుభవించితిమని రుజువు చేయుట సులువు కాదు. ఒకని ఇంటిని బలవంతముగా తీసికొని, తరువాత నీవు ఎడతెగక ఇక్కడ కాపురమున్నావా అని అడిగిన యెడల వాడేమి చెప్పగలడు? ఆ రుజువును ఎంత కఠినముగా అడుగవలెనను దానిపై న్యాయస్థానములకును ప్రభుత్వమునకును అభిప్రాయభేదము కలిగెను. 2023లో అప్పీలు న్యాయస్థానము దానిని కొంత సడలించెను. 2024 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆ అర్థమును సరిచేసెను. 2025లో ప్రభుత్వము చట్టమును సవరించి రుజువును మరింత కఠినము చేసెను. మావోరీలలో అనేకులు దీనికి నొచ్చుకొనిరి.

ఇప్పుడు కొందరు చదువరులు ఇట్లనవచ్చును: క్రైస్తవుడు తన హక్కును విడిచిపెట్టవలెను గదా? ఇస్సాకు గెరారు లోయలో బావి త్రవ్వగా ఆ ఊరి కాపరులు ఈ నీళ్లు మావనిరి. అతడు రెండు బావులను విడిచి మూడవదానిని త్రవ్వి, ఇప్పుడు మనకు ఎడము దొరికినదని రహెబోతు అని పేరుపెట్టెను. మావోరీలును అట్లు చేయకూడదా? ఈ మాటను మేము బహుగా ఆలోచించితిమి. ఇస్సాకు ఓర్పు గొప్పది. అయితే అది అతడు తనంతట తాను చూపిన ఓర్పు. కాపరులు అతనికి బోధించినది కాదు. బావిని పట్టుకొన్నవాడు బావి పోగొట్టుకొన్నవానికి ఓర్పును గూర్చి ప్రసంగించుట తగదు. అబ్రాము పెద్దవాడై యుండి, ముందు కోరుకొను హక్కు తనదై యుండి, లోతును ముందు కోరుకొమ్మనెను. విడిచిపెట్టుటలో బలవంతుడు ముందుండవలెనని దీనివలన తెలియుచున్నది.

అట్లని పాత హక్కుగలవారికి ధర్మమేమియు లేదని కాదు. లేవీయకాండము 25వ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలీయులతో భూమి తనదని, వారు తన యొద్ద పరదేశులుగాను అతిథులుగాను ఉన్నారని చెప్పెను. పిత్రార్జితమును నిలుపుడని చెప్పిన అధ్యాయమే ఈ మాటయు చెప్పుచున్నది. కావున ఎంత పాత హక్కు అయినను గృహనిర్వాహకుని హక్కే. దప్పిగొన్నవానికి త్రోవ మూయుటకు అది ఇయ్యబడలేదు.

సహోదరీ సహోదరులారా, ఈ సంగతిని దూరదేశపు వార్తగా చదివి విడువకుడి. మన ఊరిలో పోరంబోకు నేల మీద రెండు తరములుగా గుడిసె వేసికొన్న కుటుంబమున్నదా? దాని మీదుగా అందరికి రోడ్డు కావలసివచ్చినప్పుడు వారిని పిలిచి కూర్చుండబెట్టి అడుగుచున్నామా, లేక కాగితమెక్కడనియే మొదట అడుగుచున్నామా? సముద్రతీరపు ఊళ్లలో తెప్పలు లాగి వలలు ఆరవేసికొను ఇసుకను ఇతరుల విహారమునకు కోరినప్పుడు, ఆ ఇసుకే జాలరి కల్లమని మనము తలచుచున్నామా? మరియొక ప్రక్క, మన సంఘపు ఆవరణములో నుండి ఇరుగుపొరుగువారు బావికి నడచు దారి యున్నదనుకొనుడి. పట్టా మనది, దారి వారిది. ప్రహరీగోడ కట్టునప్పుడు ఒక చిన్న తలుపైనను విడుచుదుమా? మనము పట్టా లేనివారమైనప్పుడు ఒక న్యాయమును, పట్టా గలవారమైనప్పుడు మరియొక న్యాయమును కోరినయెడల, దేవుని యెదుట రెండు తూనికరాళ్లు పెట్టుకొన్నవారమగుదుము.

కడపట మన ప్రభువును చూచెదము. గెన్నేసరెతు సరస్సు ఒడ్డున జనసమూహము ఆయన మీద పడుచుండెను. జాలరులు పడవలు దిగి వలలు కడుగుకొనుచుండిరి. ప్రజలును అక్కడనే, బ్రదుకు తెరువు గలవారును అక్కడనే. సముద్రమును చేసినవాడు సీమోను పడవ ఎక్కి, దానిని ఒడ్డు నుండి కొంచెము త్రోయుమని ఆజ్ఞాపింపలేదు, వేడుకొనెను. సీమోను ఆ పడవను అడ్డుపెట్టలేదు; అందులో నుండియే అందరును వాక్యము వినిరి. అడుగుటయు, ఇచ్చుటయు ఒకే చోట జరిగెను.

ప్రభువా, అందరి పేరట తీసికొనునప్పుడు అడుగు వినయమును, మాదని పట్టుకొన్నదానిలో త్రోవ విడుచు మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.